మెడకు చుట్టుకున్న వేరు

ఆదివారం పొద్దున్న. బాల్కనీలో పాత దుప్పటి పరిచి, దాని మీద న్యూస్‌పేపర్లు వేసి కూర్చున్నాను. పక్కన బకెట్‌లో నీళ్లు, పాత టూత్‌బ్రష్, నూడుల్స్ పార్శిల్‌తో వచ్చిన చెక్కపుల్లలు, కొత్త బ్లేడు, ఒక చిన్న రంపం. ఎదురుగా నాలుగు లీటర్ల పెయింటు డబ్బా. అందులో రావి మొక్క.

అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనిస్తే నీ సొమ్మేం పోయిందే?" అంది.

నేనేం మాట్లాడలేదు. మాట్లాడే మొహం కూడా లేదు. అంతకు ఏడాది ముందు ఇదే బాల్కనీలో, ఇదే రంపంతో ఒక చింత మొక్కని చంపిన చరిత్ర నాది.

ముందు ఈ రావి ఎక్కడిదో చెప్పాలి. మాది తెనాలి దగ్గర ఓ పల్లెటూరు. నాయనమ్మ వాళ్లింటి పెరట్లో బావి ఉండేది. ఏ కాకి తిని వేసిన విత్తనమో, ఆ బావి ఒర పగుల్లో రావి మొలిచింది. 2018లో ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు బావి పూడ్చేస్తాం అన్నారు. రావి మొక్కని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, గోడ రెండుగా చీలిపోతున్నా సరే, రావి మీద కత్తి పెట్టరు. చివరికి నాయనమ్మే నన్ను పిలిచి, "బావితో పాటు మట్టేసేస్తారే దీన్ని. నువ్వు పట్టుకుపో" అంది.

బాబాయి గునపంతో రెండు ఇటుకలు కదిపి తీసిచ్చాడు. జానెడు మొక్క. పెన్సిల్ లావు కాండం. తడి గోనెపట్టాలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ తెచ్చాను. ఇంట్లో ఖాళీ పెయింటు డబ్బా కనిపిస్తే అడుగున మేకుతో చిల్లులు కొట్టి, పొడుగ్గా ఉన్న వేరుని గుండ్రంగా మడిచి లోపల పెట్టి, మట్టి నింపేశాను. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లో చేసిన తప్పు సరిదిద్దడానికి రెండేళ్లు పట్టింది.

నాయనమ్మ గుంటూరులో బాబాయి దగ్గరకి వెళ్లిపోయింది. ప్రతి ఆదివారం సాయంత్రం వీడియో కాల్. "తిన్నావా" కంటే ముందు "రావిని చూపించు" అనేది. ఆవిడకి ఒక కంట్లో శుక్లం. తెర మీద ఆకుపచ్చ రంగు కనిపిస్తే చాలు, "ఊఁ, బాగానే ఉంది" అనేది.

బోన్సాయ్ పిచ్చి పట్టించింది మా కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. వాళ్ల డాబా మీద చిన్న చిన్న తొట్లలో మర్రి, జువ్వి, చింత, బోగన్‌విల్లా ఉంటాయి. కొన్ని నాకంటే వయసులో పెద్దవి. మొదటిసారి చూసినప్పుడు నేనూ అందరూ అడిగే ప్రశ్నే అడిగాను. "పాపం, వీటికి తిండి పెట్టకుండా పొట్టిగా ఉంచుతారా సార్?" అని. ఆయన నవ్వేసి, "పస్తులుంచితే చస్తుందమ్మా, పొట్టిదవ్వదు. కొమ్మలు, వేళ్లు ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ, తిండి సరిగ్గా పెడుతూ ఉండాలి. పని మనకే ఎక్కువ" అన్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి విషయం, చెట్టుని పైనుంచి కాదు కిందనుంచి చూడాలని. మనం ఆకులు, కొమ్మలు చూస్తాం. వీళ్లు వంగి మొదలు చూస్తారు. కాండం మట్టిని తాకే చోట వేళ్లు అన్ని వైపులకీ, పిడికిలి విప్పిన వేళ్లలాగా పరుచుకుని ఉండాలి. జపాన్ వాళ్లు దాన్ని నెబారి అంటారు. అది ఉంటే అడుగున్నర మొక్క కూడా వందేళ్ల చెట్టులా కనిపిస్తుంది. లేకపోతే ఎంత బాగా కొమ్మలు తిప్పినా, మట్టిలో గుచ్చిన కర్రలాగే ఉంటుంది. కొమ్మ బాగా రాకపోతే మళ్లీ పెంచుకోవచ్చు. వేళ్లు మాత్రం చిన్నప్పుడే సర్దాలి. లావెక్కాక వంగవు, కోస్తే ఆ గాయం ఓ పట్టాన మానదు.

ఇవన్నీ విన్న ఉత్సాహంలోనే 2022 మే నెలలో నర్సరీ నుంచి చింత మొక్క తెచ్చాను. మాస్టారిని అడగలేదు. రెండు రీల్స్ చూశాను, చాలనుకున్నాను. మట్టంతా కడిగేశాను. సన్న వేళ్లు చెత్తలా కనిపించాయి, కత్తిరించేశాను. లావు వేళ్లు బలంగా ఉన్నాయి కదా అని ఉంచాను. మధ్యలో ఫోనొస్తే మాట్లాడుతూ అరగంట ఆ మొక్కని ఎండలో వదిలేశాను. తర్వాత ఒక లోతులేని తొట్టిలో పెట్టి, డాబా మీద ఎండకి ఉంచాను. తొమ్మిదో రోజుకి పుల్ల.

మాస్టారు దాన్ని చూసి తిట్టలేదు. అదే ఎక్కువ బాధేసింది. "నీళ్లు తాగేది సన్న వేళ్లమ్మా. లావువి పైపుల్లాంటివి. నువ్వు కుళాయిలన్నీ పీకేసి పైపులు ఉంచావు" అన్నారు, అంతే.

అందుకే రావి జోలికి వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చింత అంటే నర్సరీలో ఇంకోటి దొరుకుతుంది. బావి మరి దొరకదు కదా.

కానీ 2023 ఎండాకాలంలో రావి తేడాగా కనిపించడం మొదలైంది. ఆకు రాల్చి కొత్త ఆకు వేయడం రావికి మామూలే. ఆ లేత ఆకుల రాగి రంగు చూడటానికే ఏడాదంతా ఎదురుచూడొచ్చు. ఆ ఏడు వచ్చిన ఆకులు చిన్నవి, అంచులు మాడినట్టున్నాయి. కొస కొమ్మ ఎండిపోయింది. నీళ్లు పోస్తే మట్టిలోకి ఇంకకుండా కాసేపు పైనే నిలబడి, తర్వాత డబ్బా అంచు వెంట జారి కింద నుంచి బయటికొచ్చేసేవి. ఇంకా ఎక్కువ పోశాను. ఎరువు వేశాను. ఏం లాభం లేదు.

మాస్టారు వచ్చి, చూపుడువేలితో పైమట్టి రెండంగుళాలు గోకారు. కాండం మొదట్లో గాజు తొడిగినట్టు ఒక వేరు. కాండాన్ని చుట్టుకుని, తనే తన మీద ఎక్కి బిగుసుకుంది. దాని కింద బెరడు నొక్కుకుపోయి గాడి పడింది.

"ఉరి" అన్నారాయన.

ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకి దిగుతుంది. కాండం ఏటా లావెక్కుతుంది, చుట్టుకున్న వేరూ లావెక్కుతుంది. ఆ రెంటి మధ్య నలిగేది ఆ పొరే. పైనుంచి తిండి దిగకపోతే వేళ్లు చిక్కుతాయి. వేళ్లు చిక్కితే పైకి నీళ్లు తగ్గుతాయి. ఇదేమీ ఒక్కరోజులో చంపదు, ఏళ్లు పడుతుంది. రోడ్డు పక్కన నాటిన మొక్కల్లో కూడా కొన్ని పదేళ్లు బాగానే పెరిగి ఉన్నట్టుండి ఎండిపోవడానికి ఇదొక కారణం. నర్సరీ కవర్లో చుట్టుకున్న వేళ్లని విప్పకుండా అలాగే గుంటలో దింపేస్తారు మరి.

"ఇప్పుడు తీస్తే?" అన్నాను.

"ఇప్పుడు తీస్తే నీ చింత గుర్తుంది కదా. వానలు పడనీ. గాల్లో తేమ ఉండాలి, చెట్టు ఊపు మీద ఉండాలి. జూన్ ఆఖర్లో చూద్దాం."

"తియ్యకపోతే?"

ఆయన భుజాలెగరేశారు.

అలా వచ్చింది ఆ ఆదివారం. రెండు రోజుల ముందు నుంచి నీళ్లు ఆపేశాను, మట్టి విడిపోవడానికి. అయినా డబ్బాలోంచి మొక్క రాలేదు. చివరికి డబ్బానే కోయాల్సొచ్చింది. లోపల మట్టి దాదాపు లేదు. డబ్బా ఆకారంలో వేళ్ల ముద్ద. అమ్మ చూసి, "బొంతలా ఉందే" అంది.

చెక్కపుల్లతో బయట నుంచి లోపలికి, తల చిక్కు తీసినట్టు, కొంచెం కొంచెంగా విడదీశాం. మధ్యమధ్యలో నీళ్లు చల్లుతూనే ఉన్నాం. గంటన్నర పట్టింది. అప్పుడు బయటపడ్డాయి అసలు జబ్బులు.

ఉరి వేరు సంగతి తెలిసిందే. రెండోది, తల్లివేరు. నేను ఆ రోజు మడిచి పెట్టానే, అది అలాగే మడత మీద మడత, డబ్బా అడుగున రెండు చుట్లు తిరిగి బొటనవేలు లావైంది. మూడోది నాకు తట్టనిది. మంచి వేళ్లు మూడూ ఒకే వైపున్నాయి. రెండో వైపు బోడి. బావి ఒర ఇటుకకి ఆనుకుని పెరిగిన వైపది. అటు వేరు వెళ్లడానికి చోటు లేదు, అందుకే పుట్టలేదు. ఇవి కాక ఒక పిల్లవేరు మిగతావాటికంటే రెండంగుళాలు పైన, మోకాలు ముడిచినట్టు వంగి దిగింది.

ఆ మోకాలు వేరుని మాస్టారు మొదట్లోకి కోసేశారు. దాని గురించి ఆలోచన కూడా అక్కర్లేదన్నారు.

ఉరి వేరు దగ్గర మాత్రం ఇద్దరం ఆగాం. దాన్ని ఒకే ముక్కగా లాగితే కాండం బెరడు కూడా ఊడొస్తుంది. ఒకచోట అప్పటికే రెండూ అతుక్కుపోయాయి. బ్లేడు స్పిరిట్‌తో తుడిచి, రంపంతో దాన్ని మూడు చోట్ల కోసి, ముక్కలుగా తీశాం. అతుక్కున్న ముక్కని కదిలించలేదు. రెండు చివర్లా కోసేస్తే చాలు, ఇక బిగుసుకోదు, మెల్లగా కాండంలో కలిసిపోతుంది అన్నారు. కోసిన ప్రతిచోటా పాలు. తెల్లగా, జిగటగా. చల్లటి నీళ్లు పోస్తూ ఆగేదాకా కూర్చున్నాం. అమ్మ మాట్లాడకుండా లోపలికెళ్లి పసుపు ముద్ద తెచ్చి అక్కడ పెట్టింది. పనికొస్తుందా లేదా అని నేను అడగలేదు, మాస్టారూ వద్దనలేదు.

సరిగ్గా అప్పుడే నీళ్ల మోటారు గురించి చెప్పడానికి వాచ్‌మన్ వచ్చాడు. ఆయనది మహబూబ్‌నగర్ దిక్కు. దుప్పటి మీద పాలు కారుతున్న రావిని చూసి బెదిరిపోయాడు.

"ఏంది మేడమ్, రావి చెట్టును కోస్తున్రా? పాపం తగుల్తది."

"కొయ్యట్లేదు అన్నా, ఆపరేషన్ చేస్తున్నాం" అన్నాను.

ఆయన కాసేపు చూసి, "మా పాలమూర్ల పిల్లలమర్రికి గూడ గట్లనే సెలైన్ పెట్టిన్రు. దీనికి గూడ పెడ్తరా?" అన్నాడు. నిజమే. ఆ మహావృక్షానికి చెదలు పట్టి కొమ్మ విరిగితే, 2018లో సెలైన్ సీసాల్లో పురుగుల మందు పోసి చుక్కచుక్కగా ఎక్కించారు. ఆ ఫొటోలు అప్పట్లో అందరి ఫోన్లలో తిరిగాయి. అంత టెన్షన్‌లోనూ నవ్వొచ్చింది.

తల్లివేరు దగ్గర నేను తొందరపడ్డాను. అంతా ఒకేసారి తీసేద్దాం అన్నాను. మాస్టారు తల అడ్డంగా ఊపారు. సన్న వేళ్లలో సగానికి పైగా ఆ చుట్ట చివరే ఉన్నాయి. అది మొత్తం పోతే తాగే నోళ్లుండవు. అందుకని ఈ ఏడాది బయటి చుట్టు ఒకటి, వచ్చే ఏడాది మిగతాది అని లెక్కేశారు. లెక్కల మాస్టారు కదా. పెద్ద ఆకుల్ని కూడా సగానికి కత్తిరించారు. తాగేది తగ్గించినప్పుడు ఆవిరయ్యేది కూడా తగ్గాలి.

కొత్త తొట్టి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. కంకర ఇసక, చిన్న ఇటుక ముక్కలు, కొబ్బరి పొట్టు, కాస్త వర్మీకంపోస్టు. వేళ్ల కిందుగా ఒక ఫ్లోర్ టైల్ ముక్క పెట్టాం. కిందికి దిగాలని చూసే వేరుకి టైల్ తగిలితే పక్కకి తిరుగుతుంది. తల్లివేరు మొండెం టైల్ అంచు పక్కగా దిగింది. మూడు మంచి వేళ్లనీ విసనకర్రలా విప్పి, రాగి తీగతో మొక్కని తొట్టికి కట్టేశాం. ఇది కట్టకపోవడం కూడా చింత చావుకి ఒక కారణమేనట. గాలికి మొక్క ఊగితే అప్పుడే పుట్టిన వేరుకొసలు తెగిపోతాయి. మనకి పైన ఏమీ తెలీదు.

నీడలో పెట్టి, పైన పలచటి పాలిథీన్ కవర్ కప్పి, గాలికి చిన్న సందు వదిలాం. "కొత్తాకు వచ్చేదాకా ఎరువొద్దు. పీకి చూడొద్దు" అని చెప్పి మాస్టారు వెళ్లిపోయారు.

నాలుగో రోజు మొదటి ఆకు రాలింది. పన్నెండో రోజుకి ఒక్కటి లేదు.

ఈ మధ్యలో రెండు ఆదివారాలు వచ్చాయి. మొదటి ఆదివారం నాయనమ్మకి, "బాల్కనీలో లైటు పోయింది" అన్నాను. రెండో ఆదివారం ఫోన్లో ఉన్న పాత ఫొటో పంపి, "నెట్ బాగాలేదు, ఇదిగో ఫొటో చూడు" అన్నాను. ఆవిడ చూసి, "ఊఁ, బాగానే ఉంది" అంది. ఆ రాత్రి షిఫ్ట్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని కస్టమర్లకి సారీలు చెబుతూనే ఉన్నాను, మనసంతా బోడి కొమ్మ మీదే. గోటితో కొమ్మ గీకి చూడటం ఒక జబ్బులా పట్టుకుంది. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు. పొద్దున పచ్చగానే ఉండేది, సాయంత్రానికి మళ్లీ అనుమానం. గీకిన చోట్లు ఎక్కువైపోతున్నాయని అమ్మ నా చేతికి అందకుండా తొట్టిని తన పూజగది కిటికీ పక్కకి మార్చేసింది. ఆపరేషన్ వద్దన్న మనిషే.

మూడో ఆదివారం ఇక దాచలేకపోయాను. కెమెరా తిప్పి బోడి మొక్కని చూపించాను. వేళ్లు కోశామని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. కాల్ కట్ అయిందేమో అనుకున్నాను.

"ఎన్నాళ్లయింది?" అంది.

"ఇరవై రోజులు నాయనమ్మా."

"పిచ్చిమొహమా. నారు పీకి ఊడిస్తే వారం పది రోజులు చేను పసుపెక్కదూ? ఊడ్చిన రోజే పచ్చగా నిలబడ్డ మడిని ఎక్కడన్నా చూశావా నువ్వు?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "పోయినవారం పంపింది పాత ఫొటో అని నాకు తెలుసులే. అందులో పాత డబ్బా ఉంది" అంది.

ఇరవై మూడో రోజు, కాండం మీద ఆకు ఊడిన మచ్చ పక్కన గుండుసూది తలంత ఎర్రటి మొగ్గ. అమ్మ చూసింది ముందు. నిద్రలో ఉన్న నన్ను లేపి చూపించింది.

2024 జూన్‌లో రెండో విడత. టైల్ తీసి చూస్తే మూడు వేళ్లూ బల్లపరుపుగా పాకి, వాటికి తెల్లటి పీచులాంటి కొత్త వేళ్లు వచ్చాయి. ఈసారి తల్లివేరుని పూర్తిగా తీసేశాం. ఉరి వేరు గాడి సగం పూడింది. మిగిలింది బోడి వైపు. మాస్టారు రెండు దారులు చెప్పారు. ఒకటి, మొదట్లో ఉంగరంలా బెరడు తీసి, తడి నాచు కట్టి, గాలి అంటు పద్ధతిలో చుట్టూ కొత్త వేళ్లు పుట్టించడం. రావి జాతికి అది బాగానే పనిచేస్తుంది. కానీ కొత్త వేళ్లు వచ్చాక కింద భాగాన్ని కోసేయాలి. అంటే బావి ఒరలోంచి వచ్చిన వేళ్లన్నీ పోతాయి. చెట్టు అందంగానే వస్తుంది. నాకు మనసొప్పలేదు.

రెండోది అంటు. వేరు లేని చోట వేరున్న పిల్ల మొక్కని తెచ్చి అతికించడం. రావి పిల్లలకి హైదరాబాద్‌లో కరువా? మా అపార్ట్‌మెంట్ డ్రైనేజీ పైపు వెనక పగుల్లోనే నాలుగున్నాయి. ఈసారి వాచ్‌మన్ అన్నే వాటిని పీకిచ్చాడు. పాపం సంగతి అడిగితే, "పెంచనీకే కదా తీసేది" అన్నాడు. ఒకటి దారిలోనే విరిగింది. మిగతా మూడింటికీ మొదలు దగ్గర అంగుళం మేర బెరడు చెక్కి, పెద్ద మొక్కకి కూడా అంతే చెక్కి, పచ్చి గాయం మీద పచ్చి గాయం ఆనించి, పాల ప్యాకెట్ నుంచి కోసిన పట్టీతో గట్టిగా బిగించాం. అతుకు మట్టిలోకి పోయింది. పిల్లల తలలు మాత్రం పక్కనుంచి పైకి పెరుగుతూనే ఉన్నాయి. అవి పెరిగితేనే కింద అతుకు లావెక్కుతుంది.

ఒకటి ఆ వానాకాలంలోనే ఎండిపోయింది. రెండు పట్టాయి. తొమ్మిది నెలలాగి, 2025 మార్చిలో, అతుకు పైన వాటి తలలు కోసేశాను. ఈసారి చెయ్యి వణకలేదు. ఇప్పుడా రెండు వేళ్లూ నాయనమ్మ రావి నీళ్లే తాగుతున్నాయి, లేదా దానికి తాగిస్తున్నాయి, ఎలా అనాలో నాకు సరిగ్గా తెలియట్లేదు. పాత మూడింటి పక్కన సన్నగా, కొత్త కోడళ్లలా ఒదిగి ఉన్నాయి. మిగతావాటంత లావెక్కడానికి ఇంకో ఐదారేళ్లు పడుతుందట. రావి ఆకులు పెద్దవి, తోకలు పొడుగు, మర్రి జువ్వుల్లాగా చిన్నబడవు కాబట్టి ఇదెప్పటికీ పోటీల్లో నిలబడే బోన్సాయ్ కాదని మాస్టారు ముందే చెప్పేశారు. సరే అన్నాను.

నాయనమ్మకి కంటి ఆపరేషన్ అయింది. ఇప్పుడు తెర మీద అన్నీ కనిపిస్తున్నాయి. మొన్న ఆదివారం కెమెరా మట్టి దగ్గరికి పెట్టమంది. చాలాసేపు చూసింది.

"బావివైపు ఏదే?" అంది.

బోడిగా ఉన్న వైపుకి తిప్పి, ఆ రెండు సన్న వేళ్లనీ చూపించాను.

"ఇవెక్కడివి?"

"మా డ్రైనేజీ పైపువి నాయనమ్మా."

"ఛీ" అని, "కడిగే పెట్టావా?" అంది.